ఎవరి యిల్లు?

ఆడపిల్ల యన్నచో "ఆడ" పిల్లయే గాని "ఈడ" పిల్ల కాదని మన పెద్దలు చమత్కారముగా జెప్పుదురు. విని మనమును నవ్వుదుము. దెబ్బలు తిని అర్ధరాత్రమున వీధిలో నిలువబడిన యిల్లాలికి మాత్ర మిది నవ్వులాట గాదు. అత్తింటివారు నీ పుట్టింటికి బొమ్మందురు. పుట్టింటివారు నీ యింటికి బొమ్మందురు. మా వీధిలోనే యొక యిల్లాలు ఒక్క యేడాదిలో ముమ్మారు పుట్టింటికి వచ్చుటయు, ముమ్మారును పెద్దలు బుజ్జగించి మరల బంపుటయు జూచితిమి. ఆ పెద్దల నడుమ నొకమారు మేమును గూర్చుంటిమి. చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

కొట్టుట నేరమని శాసించుట యంత కష్టము గాదు. ఆంగ్లదేశమున 1853లోనే స్త్రీలను, పిల్లలను ఘోరముగా గొట్టినవానికి ఆఱు నెలల వఱకు చెఱ విధింప వీలు కలిగెను. కాని చెఱ తీఱినవాడు వచ్చునదెచటికి? ఆ భార్య యున్న యింటికే. ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అను విదుషి యిట్టి దారుణములను వార్తాపత్రికలనుండి యేఱి కూర్చి 1878లో నొక వ్యాసము ప్రకటించెను. ఆ యేడే మఱియొక శాసనము వెలువడెను. భర్తకు శిక్ష పడి, భార్యకు ముందును ప్రమాదము గలదని న్యాయాధికారికి దోచినయెడల, ఆమె వానితో గాపుర ముండ నక్కఱలేదనియు, వాడు వారమువారము భరణ మీయవలె ననియు, పదియేండ్ల లోపు బిడ్డలు తల్లియొద్ద నుండవచ్చుననియు ఆజ్ఞాపింపవచ్చును. ఇది గొప్ప మేలే. అయినను వానిని ఇల్లు వెడలింపుమను మాట అందు లేదు. 1971లో లండనునందలి చిజ్విక్కున ఎరిన్ పిజ్జీ యొక యింటి తలుపులు తెఱవగా, బిడ్డలను చంక నిడుకొని వచ్చిన తల్లులతో అది క్రిక్కిఱిసిపోయెను. భర్తనే యింటినుండి తొలగించు నధికారము 1976లో కౌంటీ కోర్టులకు వచ్చినది.

మన దేశమున 1983లో శిక్షాస్మృతికి 498ఏ సెక్షను చేరినది. భార్యను హింసించు భర్తకు, అతని బంధువులకు మూడేండ్ల వఱకు చెఱ. 2024 జులై నుండి ఇదియే భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షనులుగా నున్నది. ఇందును ఇంటి ప్రసక్తి లేదు. ఆ లోటు 2005 నాటి గృహహింస నిరోధక చట్టము తీర్చినది. ఆ యిల్లు తన పేర లేకపోయినను, తాను కాపుర మున్న యింట నుండుటకు స్త్రీకి హక్కు గలదని ఆ చట్టము తేటతెల్లముగా జెప్పినది.

2006 అక్టోబరు 26న నది అమలులోనికి వచ్చెను. రెండు మాసములైనను నిండకమునుపే, డిసెంబరు 15న, సుప్రీంకోర్టు ఒక వివాదమున అత్తగారి పేరనున్న యిల్లు కోడలికి కాపురపుటిల్లు కాజాలదని తీర్పు చెప్పెను. చదువరులు తమ వీధి నొకమారు తలపోయుదురు గాక! కొడుకు కోడలు కాపురమున్న యిండ్లలో నెన్ని అత్తమామల పేర లేవు? చట్టము తెఱచిన తలుపు దాదాపు పదునాలుగేండ్లు ఓరగా మూయబడి యుండెను. 2020 అక్టోబరు 15న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును త్రోసివేసి, స్థిరముగా గాపుర మున్నదగునేని మామగారి యిల్లును ఆమె కాపురపుటిల్లే కాగల దనినది. వృద్ధులైన యత్తమామల ప్రశాంతిని గూడ న్యాయస్థానములు చూడవలె నని చేర్చుట మాకు సమంజసముగనే తోచినది.

ఇక నడిరేయి ఆమె యెవరిని బిలువవలెను? 181 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. 2015 నుండి వెలసిన సఖి కేంద్రములలో వైద్యము, పోలీసు సాయము, న్యాయసలహా, తాత్కాలిక వసతి యొక్కచోట సమకూరును. రక్షణాధికారి ఆమె పక్షమున మేజిస్ట్రేటునకు నివేదిక పంపును. ఆదాయ మెంతయైనను స్త్రీకి ప్రభుత్వమే ఉచితముగా వకీలును ఏర్పఱచును. తన స్త్రీధనమును లాగుకొన్నను, తిండికి సొమ్ము లేకుండ జేసినను అదియు హింసయే యని చట్టము గుర్తించినది. దెబ్బల గుఱుతులు చూపనక్కఱలేదు.

ఆమెయే పోవలె ననియు లేదు. హింస జరుగుచున్న దని నమ్మిన యెవరైనను రక్షణాధికారికి దెలుపవచ్చు ననియు, సద్బుద్ధితో దెలిపినవారిపై నేరముగాని నష్టపరిహారముగాని రాదనియు నాలుగవ సెక్షను చెప్పుచున్నది. నాడు మా వీధి యరుగుపై గూర్చున్న పెద్దలలో నొక్కరికిని ఈ సంగతి తెలియదు. మాకును దెలియదు.