జల్లెడలోంచి జారినవాళ్లు

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ గురించి చర్చ వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించేది లెక్కల గొడవే. వృద్ధాప్య పింఛను నిధిలోని నిల్వ 2033లో హరించుకుపోతుందనీ, ఆ తర్వాత వచ్చే ఆదాయంతో పింఛన్లలో 77 శాతమే చెల్లించగలరనీ ట్రస్టీలు 2025 నివేదికలో అంచనా కట్టారు. ఆ అంకెలను నేను కాదనను. కాని ఈ వ్యవస్థ చరిత్రను ఉత్త జమాఖర్చుల పద్దుగా చదివితే అసలు సంగతి మరుగున పడిపోతుంది.

1935 ఆగస్టు 14న రూజ్వెల్ట్ సంతకం చేసిన చట్టం 65 ఏళ్లు నిండిన కార్మికుడికి పింఛను హక్కు ఇచ్చింది. మహామాంద్యపు రోజుల్లో నిరుద్యోగులూ వృద్ధులూ సాగించిన ఆందోళనల ఒత్తిడి దాని వెనుక ఉంది. అయినా వ్యవసాయ కూలీలనూ, ఇళ్లలో పనిచేసేవాళ్లనూ అందులోంచి మినహాయించారు. నల్లజాతి శ్రామికుల్లో సగానికి పైగా బతుకుతున్నది ఆ పనులమీదే! బిల్లును కంతల జల్లెడతో పోల్చి, నల్లవాళ్లు అందులోంచి జారిపోతారని న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ సెనేట్ సంఘం ముందు ఆనాడే మొరపెట్టాడు. అలాంటివారి దగ్గర చందా వసూలు కష్టమన్నది ఖజానా మంత్రి మోర్గెంథా వాదన. 1950, 1954 సవరణలతో వాళ్లలో చాలామందిని చేర్చుకున్నారు గదా, అప్పుడు వసూలు ఎలా సాధ్యమైంది? ఈలోగా ముసలితనం మీదపడినవాళ్లకు జవాబు చెప్పేదెవరు?

వికలాంగుల కథ మరీ చేదు. వాళ్లకు భృతి 1956లో గాని రాలేదు, అదీ 50 ఏళ్లు నిండినవాళ్లకే. 1960లో ఆ షరతు తీసేశారు. 1980 చట్టం ప్రకారం తలపెట్టిన పునఃపరిశీలనను 1981లో రీగన్ ప్రభుత్వం ముందుకు జరిపి ఉధృతం చేసింది. లక్షలాది పేర్లు కొట్టేశారు. మానసిక రోగులు వారిలో ఎందరో. న్యాయాధికారుల ముందుకు అప్పీలుతో వెళ్లినవారిలో సగానికి పైగా గెలిచారు. కోతను నిర్ణయించినది వైద్యమా, బడ్జెటా అని వేరే చెప్పాలా? 1984లో కాంగ్రెస్ ఒక్క వ్యతిరేక ఓటూ లేకుండా చట్టం మార్చవలసివచ్చింది.

1983 సవరణ పూర్తి పింఛను వయస్సును క్రమంగా 67కు పెంచింది. ఇటుకలు మోసే నడుముకూ, కుర్చీలో వాలిన నడుముకూ ఒకే లెక్క! హద్దు దాటిన జీతంపై మాత్రం చందా లేదు. 2025లో ఆ హద్దు 1,76,100 డాలర్లు.

అక్కడికి వీసాలమీద వెళ్లిన మన తెలుగు ఇంజనీర్లు కూడా ఈ చందా కడుతున్నారు. పదేళ్ల ఉద్యోగం నిండకుండా తిరిగివస్తే వాళ్లకు వృద్ధాప్య పింఛను లేదు. రెండు దేశాల్లో చేసిన పనికాలాన్ని కలిపి లెక్కించే ఒప్పందం 2025 నాటికి కూడా కుదరలేదు.