అనుపు మెట్లమీద కూర్చున్నదెవరు?

నల్లగొండ జిల్లా కుటుంబాలు సెలవునాడు సద్ది కట్టుకొని చూడబోయే పురాతన కట్టడాల్లో అనుపులోని క్రీడాప్రాంగణం ఒకటి. పోవలసింది కృష్ణ ఆవలి ఒడ్డుకే. కాని ఆ ఒడ్డు 1948 దాకా నైజాం ప్రజకు పరరాజ్యం. 2014 నుంచి మళ్లీ పొరుగు రాష్ట్రం. ఇక్ష్వాకులకు మాత్రం ఈ నది ఎల్ల కాదు. రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం ఇవతలి ఒడ్డున, నేటి సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికింది.

క్రీ. శ. 3, 4 శతాబ్దాల్లో వారి రాజధాని విజయపురి. సాగరు నీరు ఆ లోయను ముంచబోతున్నదని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన సాగిన తవ్వకాల్లో ఈ ప్రాంగణం బయటపడింది. మధ్య బరి సుమారు 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు. నాలుగు వైపులా ఇటుకతో కట్టి రాతిపలకలు పరచిన మెట్లు, పడమట ఒక మండపం. వెయ్యిమంది దాకా కూర్చోవచ్చునని అంచనా. మునక తప్పించి దానిని అనుపులో తిరిగి నిర్మించారు.

దీనిని స్టేడియమనగానే మనవారికి ఒలింపియా గుర్తుకు వస్తుంది. అక్కడి పరుగు బాట 192 మీటర్లు! మన బరిలో రథాలు పరుగెత్తవు, గుర్రాలు తిరగవు. మల్లులు పట్టు పట్టవచ్చు. నటులు ఆడవచ్చు, వాద్యకారులు వాయించవచ్చు. రోమను నాణేలు, చేత పానపాత్ర పట్టిన డయోనిసస్ శిల్పం ఆ లోయలో దొరికిన మాట నిజమే. వర్తకులు వచ్చారనడానికి అవి చాలును. అంతమాత్రాన ఈ కట్టడాన్ని రోము నుంచి దిగుమతి చేయనక్కరలేదు. నాలుగు వైపులా మెట్లు దిగే కోనేరులు అదే లోయలో ఉన్నవి. కోనేరు కట్టనేర్చిన చేతికి ఈ కట్టడం కొత్త పని కాదు.

అసలు ప్రశ్న వేరు. ఆ మెట్లమీద కూర్చొని వినోదించేందుకు తీరిక ఎవరికున్నది? వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడనీ, కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్ల భూమి దానమిచ్చాడనీ శాసనాలు పొగడుతున్నవి. అంకెల్లో అతిశయోక్తి ఉండవచ్చు గాక, భూమిని నాగళ్లతో లెక్కించడంలో అతిశయోక్తి లేదు. ఆ నాగళ్ల వెనుక నడిచినవారి పేర్లు శాసనాల కెక్కలేదు. మహాచైత్యాన్ని ఉద్ధరించిన రాజసోదరి చాంతిసిరి పేరు ఉన్నది, దానం చేసిన ఉపాసిక బోధిసిరి పేరు ఉన్నది. రాయి మోసిన మనిషి పేరు లేదు.

ఈ పద్ధతి ఇక్ష్వాకులతో ముగియలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగరు ఆనకట్టను రాతితో, ఎక్కువగా మనుషుల చేతులతోనే కట్టారు. పాలమూరు కూలీలు గంపలు నెత్తిన పెట్టుకొని రాళ్లెత్తారు. లోయలోని పల్లెలు ఖాళీ అయ్యాయి. ఇవతలి గట్టున పురాతన ఏలేశ్వరం సైతం మునిగింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ పల్లపు భూములను తడిపింది. జలాశయానికి కూతవేటు దూరాన ఉన్న దేవరకొండ మెట్టలు మాత్రం ఎత్తున ఉన్నందున, నీటిని యంత్రాలతో ఎత్తిపోసే దాకా దశాబ్దాల పాటు కాచుకొని ఉండవలసి వచ్చింది.

అనుపులో ఆ పలకలు మళ్లీ వరుసగా నిలిచినవి. పిల్లలు మెట్టునుంచి మెట్టుకు దూకుతుంటారు, పెద్దలు నీడ చూసుకొని సద్దిమూట విప్పుతారు. పడమటి మండపం మీద ఒకనాడు కూర్చున్నవారెవరో తెలుసుకోవాలంటే శాసనాలు చదివితే చాలును. ఆ పలకలు చెక్కినవారిని గురించి పలకలనే అడగవలసి ఉన్నది.