రెండోవాడి కోసం పుట్టిన చదువు

రొయ్యల చెరువులో ఏరియేటరు వైరు దెబ్బతిని నీళ్లలోకి కరెంటు పారితే, దిగినవాడు అక్కడికక్కడే కూలిపోతాడు. గట్టు మీదున్నవాడు అది చూసి ఒక్క దూకు దూకుతాడు. ఆ రెండోవాడి తప్పేమీ లేదు, మనిషన్నవాడు చేసే పనే చేశాడు. కానీ స్విచ్చు కట్టెయ్యకుండా దిగాడు. సెప్టిక్ ట్యాంకుల్లోనూ ఇదే కథ. ఒకరు పడితే లాగడానికి ఇంకొకరు, ఆయన్ని లాగడానికి మూడోవారు. బాపట్ల, రేపల్లె, తెనాలి కుర్రాళ్లు ఇవాళ ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ అని చేరుతున్న కోర్సుకు మూలం ఈ రెండోవాడే. సాయానికి పరిగెత్తినవాడు ప్రాణంతో వెనక్కి రావాలన్న తపనలోంచి ఈ చదువు పుట్టింది.

మన డెల్టా ఊళ్లకు ఇందులో కొంత ముందే తెలుసు. ఎండాకాలంలో తాటాకిల్లు అంటుకుంటే, అనుభవమున్న పెద్దలు మండే ఇంటి మీద బిందెలు గుమ్మరించి ఊరుకునేవారు కాదు. పశువుల పలుపులు కోయించి, పక్కింటి కప్పు మీది ఆకు పీకించేవారు. పోయినదాన్ని వదిలి మిగిలినదాన్ని కాపాడుకోవడం అది. అయితే ఆ తెలివి పెద్దాయనతోనే పోయేది. దాన్ని పాఠంగా మార్చి, పదిమందికి నేర్పి, మళ్లీ మళ్లీ చేయించి చూసిన మనిషి స్కాట్లాండులో కనిపిస్తాడు.

1824లో ఎడిన్‌బరో నగరం తన అగ్నిమాపక దళాన్ని జేమ్స్ బ్రైడ్‌వుడ్ చేతిలో పెట్టింది. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగేళ్లు. ఇంటి కప్పులు నేసేవాళ్లను, వడ్రంగులను, తాపీ పనివాళ్లను ఏరి తెచ్చుకున్నాడు. కప్పు ఎక్కడ కూలుతుందో, గోడ ఎక్కడ పగులుతుందో వాళ్లకు చెప్పక్కర్లేదు కదా! తెల్లవారుజామున చీకట్లో వాళ్లతో సాధన చేయించేవాడు. తర్వాత లండను వెళ్లి అక్కడి దళాన్నీ తీర్చిదిద్దాడు. చివరికి 1861 జూన్ 22న టూలీ వీధి మంటల్లో తన మనుషుల బాగోగులు చూస్తుండగా గోడ కూలి మరణించాడు.

మన దేశంలో ఈ కథ మలుపు తిరిగింది బొంబాయి రేవులో. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఉన్న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో మంట లేచింది. ఓడ నిండా పత్తి బేళ్లు, వాటితోపాటు దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. పత్తి లోలోపల రాజుకుంటుంది, పొగే తప్ప మంట జాడ తెలియదు. అగ్నిమాపక సిబ్బంది తొమ్మిది వందల టన్నులకు పైగా నీళ్లు కొట్టారు. మంట మూలం ఎక్కడుందో చివరిదాకా చిక్కలేదు. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలింది. అరగంట లోపే రెండో పేలుడు. వందలాది మంది పోయారు. అందులో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. పొగ చూసి పారిపోయినవాళ్లు కాదు, పైపులు పట్టుకుని ఎదురు నిలిచినవాళ్లు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిపే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల గుర్తుగానే.

ధైర్యం ఒక్కటే చాలదని ఆ రేవు చెప్పింది. 1956లో కేంద్ర ప్రభుత్వం రాంపూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల తెరిచి, మరుసటి ఏడాది నాగపూర్‌కు మార్చింది.

ఫ్యాక్టరీల దారి వేరు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో మంటల గురించి సెక్షను ఉండేది. వెయ్యిమంది, ఆపైన పనిచేసేచోట సేఫ్టీ ఆఫీసరు ఉండాలన్న మాట మాత్రం 1976 సవరణతో వచ్చింది. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగాక, 1987లో చట్టాన్ని మళ్లీ దిద్దారు. భద్రతలో శిక్షణ పొందడం కార్మికుడి హక్కు అని అప్పుడే రాశారు. దయ కాదు, హక్కు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే, అన్నిటికన్నా తక్కువ మందికి తెలిసిందీ అదే. పదేళ్లకు, 1997 సెప్టెంబరు 14న, విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై అంటుకుని యాభై మందికి పైగా చనిపోయారు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేల వెంట పాకుతుంది. అది తెలిసినవాడు పల్లం వైపు పరిగెత్తడు.

నేర్పితే ప్రాణాలు నిలుస్తాయా అని అడిగేవాళ్లకు మన తీరమే జవాబు. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారు. 1990 మేలో దాదాపు అంతటి తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. చనిపోయినవారు వెయ్యి లోపు. హెచ్చరిక ముందే అందింది, లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలి కదిలారు. తుపాను రెండు మూడు రోజుల వ్యవధి ఇస్తుంది. మంట ఇచ్చేది నిమిషాలే. అందుకే ఆ కదలడమేదో ముందే సాధన చేసి ఉండాలి.

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్ ప్రకారం ఐదువందల మంది ఉన్న ఫ్యాక్టరీకి, ప్రమాదకరమైన పనైతే రెండువందల యాభై మందికే సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి. మంచిదే. కానీ తెనాలి చుట్టుపక్కల రైసు మిల్లులో ఉండేది ఎందరు? దుగ్గిరాల కోల్డ్ స్టోరేజీలోనో, నిజాంపట్నం వైపు ఐస్ ప్లాంటులోనో ఎందరు? అమోనియా మనుషుల్ని లెక్కపెట్టి లీకవదు. లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా తప్పుకోవాలి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. గాలితోపాటు పరిగెత్తితే గ్యాసూ వెంటే వస్తుంది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

కోర్సు చేసి గల్ఫ్ విమానం ఎక్కే తమ్ముళ్లూ, వెళ్లేలోపు మీ ఊరి మిల్లులో ఒక పూట ఈ పాఠం చెప్పండి. యజమానులూ, వచ్చే ఏప్రిల్ వారోత్సవాల్లో ఒక గంట మిషన్లు ఆపించండి. గోడకు వేలాడే ఎర్ర సిలిండరును హమాలీల చేతికిచ్చి పిన్ను లాగించండి, మంట కొసల మీద కాదు మొదట్లో కొట్టాలని చూపించండి. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడింట్లోనూ ఫైర్ స్టేషన్లు ఉన్నాయి. నిప్పు లేచినప్పుడు పిలవాల్సిన నంబరు 101.