గేమింగ్ కంప్యూటరు అప్‌గ్రేడు

వాడుకలో పాతబడిన ఆటల కంప్యూటరులో ఒకటి రెండు భాగాలను మాత్రమే మార్చి, దానిని కొత్త ఆటలకు పనికివచ్చేట్లు చేసుకొనడాన్ని గేమింగ్ కంప్యూటరు అప్‌గ్రేడు అంటారు. ఇందులో ముఖ్యమైన ప్రశ్న, ముందుగా ప్రాసెసరును మార్చాలా లేక గ్రాఫిక్స్ కార్డును మార్చాలా అన్నది. రెండూ ఖరీదైన భాగాలే. తప్పు భాగాన్ని కొన్నచో వేల రూపాయలు ఖర్చయినా ఆటలో తేడా కనిపించదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వంటి పట్టణాలవారికి ఆ పొరపాటుకు మరొక ప్రయాణం కూడా తోడవుతుంది.

రెండు భాగాల పని

ఆటలో శత్రువు ఎటు కదలాలి, తూటా ఎక్కడ తగిలింది, తెరపై ఏయే వస్తువులు గీయాలి అన్న లెక్కలు ప్రాసెసరు చేస్తుంది. ఆ లెక్క ప్రకారం ప్రతి చుక్కకు రంగు, వెలుగు నిర్ణయించి బొమ్మను తయారు చేసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే ఒక్కొక్క బొమ్మకు దాదాపు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేసినా రెండవవారు ఖాళీగా ఉండవలసినదే. వరినాట్లలో నారు పీకేవారు వెనుకబడితే నాటేవారు ఎంతమంది ఉన్నా మడి త్వరగా పూర్తికాదు, ఇక్కడా అంతే.

ఏ భాగం వెనుకబడుతుందన్నది ఆటను బట్టి కూడా మారుతుంది. వాలరెంట్ (2020), కౌంటర్-స్ట్రైక్ 2 (2023) వంటి పోటీ ఆటలలో అధిక వేగం ఎక్కువగా ప్రాసెసరుపై ఆధారపడుతుంది. సైబర్‌పంక్ 2077 (2020) వంటి దృశ్యప్రధానమైన ఆటలలో భారమంతా సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ (2024) వంటి కొన్ని ఆటలకు కిరణాల లెక్కను, అనగా రే ట్రేసింగ్‌ను, స్వయంగా చేయగల కార్డు తప్పనిసరి. అది లేని పాత కార్డుతో ప్రాసెసరు ఎంత కొత్తదైనా ప్రయోజనం లేదు.

వెనుకబడిన భాగాన్ని గుర్తించుట

దీనికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉన్నది. ఆటలో వీ-సింక్‌ను, ఫ్రేముల పరిమితిని తీసివేసి, ఒకే దృశ్యంలో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నవో చూడాలి. తరువాత రిజల్యూషనును 1920×1080 నుండి 1280×720కి తగ్గించి మరల చూడాలి. మొదటిదానిలో సుమారు 20.7 లక్షల చుక్కలు, రెండవదానిలో 9.2 లక్షల చుక్కలు ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు పని సగానికి పైగా తగ్గుతుంది, ప్రాసెసరు పని మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. ఫ్రేములు బాగా పెరిగినచో కార్డే అడ్డు. పెరగకపోతే ప్రాసెసరు అడ్డు.

ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు వినియోగం 95 శాతం దాటి నిలకడగా ఉన్నా కార్డే అడ్డని అర్థం. ప్రాసెసరు వినియోగం చూపే మొత్తం శాతాన్ని మాత్రం నమ్మరాదు. ఎనిమిది త్రెడ్లు గల ప్రాసెసరులో ఒక్క త్రెడ్డు పూర్తిగా అలసిపోయినా మొత్తం లెక్క 12.5 శాతమే చూపవచ్చును. చాలామంది ఇక్కడే పొరబడి, ప్రాసెసరు ఖాళీగా ఉన్నదని తలచి కార్డు కొంటారు.

ఆట మధ్యమధ్య ఆగి సాగుతున్నచో రెండింటిలో ఏదీ కారణం కాకపోవచ్చును. 8 జీబీ ర్యామ్ ఒకే కర్రగా ఉన్నచో రెండవ కర్ర చేర్చడం, హార్డు డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ అమర్చడం ముందు చేయదగిన పనులు. తెలంగాణలో మే నెల ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. దుమ్ము పట్టిన ఫ్యాను, ఎండిపోయిన థర్మల్ పేస్టు ఉన్న కంప్యూటరు వేడికి తనంతట తానే వేగం తగ్గించుకొంటుంది. చలికాలంలో బాగా నడిచి వేసవిలో మందగించే కంప్యూటరుకు కావలసినది శుభ్రత.

సాకెట్టు

గ్రాఫిక్స్ కార్డు దాదాపు ఏ మదర్‌బోర్డులోనైనా అమరుతుంది. ప్రాసెసరు అలా కాదు. 2017 నాటి ఐ5-7400 ప్రాసెసరు, బీ250 బోర్డు, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు గల కంప్యూటరును ఉదాహరణగా తీసుకొనవచ్చును. ఆ బోర్డు ఇంటెల్ ఆరవ, ఏడవ తరాల వరకే పనిచేస్తుంది. ఎనిమిదవ తరం సాకెట్టు పేరు కూడా ఎల్‌జీఏ 1151 అయినప్పటికీ ఆ ప్రాసెసర్లు ఇందులో నడవవు. సెకండ్ హ్యాండులో ఐ7-7700 వెతకడం లేదా బోర్డుతో సహా మార్చడం తప్ప దారిలేదు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఏడవ తరం ప్రాసెసర్లు, కొన్ని మినహా, లేవు. కావున ఐ7-7700పై పెట్టే సొమ్ము ఎక్కువ కాలం నిలవదు.

ఏఎమ్‌డీ వారి ఏఎం4 సాకెట్టు దీనికి భిన్నమైనది. 2017లో రైజెన్ 5 1600తో కొన్న బీ350 బోర్డులు అనేకం, బయోస్ మార్చిన పిదప రైజెన్ 5000 వరుస ప్రాసెసర్లను స్వీకరిస్తాయి. అటువంటి వారికి ప్రాసెసరు మార్పే చవకైన మార్గం. బయోస్‌ను పాత ప్రాసెసరు ఉండగానే మార్చాలి. ఆ కొద్ది నిమిషాలలో కరెంటు పోయినచో బోర్డు పనికిరాకుండా పోవచ్చును గనుక యూపీఎస్ లేకుండా ఈ పని చేయరాదు.

కొత్త బోర్డుకు మారదలచినవారు ర్యామ్ ధరను కూడా లెక్కించాలి. ఏఐ డేటా కేంద్రాల గిరాకీ వలన 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగినవి.

విద్యుత్తు

కార్డు ధరలో కనిపించని ఖర్చు ఎస్ఎంపీఎస్, యూపీఎస్‌ల రూపంలో వస్తుంది. జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్లు, ఆర్ఎక్స్ 6600 132 వాట్లు, ఆర్టీఎక్స్ 3060 170 వాట్లు తీసుకొంటాయి. క్యాబినెట్‌తో పాటు వచ్చే చవక ఎస్ఎంపీఎస్‌పై 450 వాట్లని ముద్రించి ఉన్నా, కార్డుకు కావలసిన 12 వోల్టుల తీగలపై అంత సామర్థ్యం ఉండకపోవచ్చును. ఇళ్లలో సాధారణంగా వాడే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు మాత్రమే ఇవ్వగలదు. ఆర్టీఎక్స్ 3060 అమర్చిన కంప్యూటరు, మానిటరు కలిసి ఆట సమయంలో ఇంచుమించు ఆ హద్దును తాకుతాయి. అప్పుడు కరెంటు పోగానే కంప్యూటరు కూడా ఆగిపోతుంది. 1,100 మెగావాట్ల కాకతీయ తాపవిద్యుత్ కేంద్రం చెల్పూరులోనే ఉన్నా, భూపాలపల్లివారికి కూడా యూపీఎస్ అవసరం తప్పదు.

కొనుగోలు

ఈ మూడు పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైనవి. అంతకు ముందు పూర్వపు వరంగల్ జిల్లాలోనివి. విడిభాగాలకు వరంగల్, హనుమకొండ దుకాణాలు దగ్గర. ఎక్కువ రకాలు చూసి ఎంచుకొనాలంటే సికింద్రాబాదు పార్కులేనులోని సీటీసీ, అనగా చెనాయ్ ట్రేడ్ సెంటరు, పేరు పొందినది. జనగామ సికింద్రాబాదు-కాజీపేట రైలుమార్గంలో ఉన్నందున ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చును. మహబూబాబాదుకు కాజీపేట-విజయవాడ మార్గం ఉన్నది, దూరం మాత్రం ఎక్కువ. ప్రయాణికుల రైలు లేని భూపాలపల్లివారు రోడ్డు మార్గాన దాదాపు 200 కిలోమీటర్లు ప్రయాణించాలి. బయలుదేరే ముందు బోర్డు నమూనా, ఎస్ఎంపీఎస్‌పై ముద్రించిన వివరాలు, క్యాబినెట్‌లో కార్డుకు గల పొడవు రాసుకొని వెళ్లడం అవసరం.

సెకండ్ హ్యాండు కార్డులలో కొన్ని, 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారేవరకు రేయింబవళ్లు మైనింగ్‌కు వాడినవి. అలా వాడినంత మాత్రాన కార్డు చెడిపోయినదని కాదు; ఫ్యాన్లు, థర్మల్ పేస్టు అరిగి ఉండవచ్చును. దుకాణంలోనే అరగంట ఆటను నడిపించి ఉష్ణోగ్రత చూడాలి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ (2022) కార్డు నాలుగు పీసీఐఈ లేన్లే వాడుకొంటుంది కనుక, పీసీఐఈ 3.0 గల పాత బోర్డులలో దాని వేగం తగ్గుతుంది. జీటీఎక్స్ 10 వరుస కార్డులను చవకగా ఇస్తామన్నా, ఎన్విడియా 2025 అక్టోబరు తరువాత వాటికి కొత్త ఆటల డ్రైవర్లను నిలిపివేసిందని గమనించాలి.