మొదటి ర్యాంకు కుర్రాడి బాకీ

2009 జూన్ 8. మెల్బోర్న్‌లో రాణిగారి పుట్టినరోజు సెలవు. చదువు పేరుతో నేను ఈ ఊరొచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఐదుగురు తెలుగు కుర్రాళ్లం కలిసి ఉండే అద్దె ఇంట్లో, పాత టీవీ ముందు కూర్చుని పప్పన్నం తింటూ మొదటిసారి ఒక ఫుటీ మ్యాచ్ మొత్తం చూశాను. మైదానం మనకు క్రికెట్ వల్ల బాగా తెలిసిన ఎం.సి.జి.నే. ఆటే కొత్త. జట్టుకి 18 మంది, కోడిగుడ్డు ఆకారంలో బంతి, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి తంతే 6 పాయింట్లు, కాస్త పక్కకి పోతే 1. మా అందరికన్నా ముందొచ్చిన గుంటూరు అన్న ఇవన్నీ చెప్తూ ఉండగా, మెల్బోర్న్ జట్టులోకి పొడుగ్గా, సన్నగా ఉన్న ఒక కుర్రాడొచ్చాడు. పేరు జాక్ వాట్స్. అదే అతని మొదటి మ్యాచ్. వయసు 18. ఇంకా పన్నెండో తరగతి చదువుతున్నాడు, అంటే మన లెక్కలో ఇంటర్ సెకండియర్.

"వీడేరా స్టేట్ ఫస్ట్," అన్నాడు అన్న.

బంతి అతని చేతికి రాగానే కాలింగ్‌వుడ్ ఆటగాళ్లు మీద పడ్డారు. ఒక్కడు కాదు, ముగ్గురు. ఆ ఏడు కాలింగ్‌వుడ్ బలమైన జట్టు, మరుసటి ఏడు కప్పు గెలిచిన జట్టు. కుర్రాడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. మా గదిలో మేం నవ్వాం. స్టేడియంలోనూ చాలామంది అదే చేసి ఉంటారు. ఆ తర్వాత తొమ్మిది సీజన్ల పాటు ఆ కుర్రాడి గురించి ఈ ఊళ్లో మాట్లాడని వారం లేదు. బాగా ఆడితే "ఇన్నాళ్లూ ఏమైంది?" అనేవాళ్లు. ఆడకపోతే "చెప్పాంగా" అనేవాళ్లు. "నిలకడ లేదు" అనే మాట అతని ఇంటిపేరు అయిపోయింది.

నేనూ ఆ మాట అన్నవాణ్నే. ఇప్పుడు ఆ తొమ్మిదేళ్లని మళ్లీ తిరగేస్తే, ఆ తీర్పులో ఎంత భాగం అతని ఆటది, ఎంత భాగం అతనికి తగిలించిన నంబరుది అని అనుమానం వస్తోంది.

ముందు ఆ నంబరు సంగతి. ఈ ఆటకి మొదటిసారి రూల్స్ రాసింది మెల్బోర్న్ క్లబ్ వాళ్లే, 1859లో. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఆటగాళ్లని ఊళ్ల వారీగా, పేటల వారీగా పంచుకునేవారు. ఈ ప్రాంతంలో పుట్టావు కాబట్టి ఈ క్లబ్‌కే ఆడాలి, అంతే. డబ్బున్న క్లబ్బులు పైపైకి, లేనివి కిందకి పోతుంటే, 1986లో డ్రాఫ్ట్ అనే పద్ధతి తెచ్చారు. ఏడాది చివర్లో అట్టడుగున ఉన్న జట్టుకి దేశంలోని కొత్త కుర్రాళ్లలో మొదటివాణ్ని ఎంచుకునే హక్కు. దాని పైనున్న జట్టుకి రెండోవాడు. ఉద్దేశం మంచిదే, ఓడినవాడికి ఆసరా. కానీ దాంతో ఒక తిరకాసు కూడా వచ్చింది. అందరికన్నా మెరుగైన కుర్రాడు అందరికన్నా అధ్వాన్నమైన జట్టులోకి వెళ్లి పడతాడు. ర్యాంకు కుర్రాడికే మునిగే పడవ ఇచ్చి, ఒడ్డుకి చేర్చమంటారన్నమాట.

2008లో మెల్బోర్న్ 22 మ్యాచుల్లో 3 గెలిచింది. ఆఖరి స్థానం. 1964 తర్వాత కప్పు లేని క్లబ్. ఆ నవంబరు డ్రాఫ్ట్‌లో వాళ్లకి దక్కిన ఒకటో నంబరు వాట్స్. 196 సెంటీమీటర్ల ఎత్తు, రెండు కాళ్లతోనూ బంతిని పెట్టినచోట పెట్టే నేర్పు, బాస్కెట్‌బాల్ ఆడిన చేతులు. వెంటనే, రెండో నంబరుగా వెస్ట్ కోస్ట్ క్లబ్ నిక్ నైటనుయిని తీసుకుంది. ఫిజీ తల్లిదండ్రులకు పుట్టినవాడు, గాల్లోకి లేస్తే చూడ్డానికే ఒక వేడుక. ఏడో నంబరుగా బ్రిస్బేన్ తీసుకున్న డేనియల్ రిచ్ మొదటి ఏడాదే ఉత్తమ యువ ఆటగాడి అవార్డు గెలిచాడు. ఇక అంతే. వాట్స్ ఆడిన ప్రతి మ్యాచ్‌కీ పక్కన రెండు గళ్లు గీశారు, అటు నైటనుయి, ఇటు రిచ్.

ఇప్పుడు నిలకడ సంగతి. ఈ మాటని కొంచెం విప్పి చూడాలి. ఫుటీలో మధ్య వరుస ఆటగాడు బంతి వెంట పరిగెత్తుతాడు. జట్టు ఓడిపోతున్నా అతనికి బంతి దొరుకుతూనే ఉంటుంది. గోల్ ముందు నిలబడే పొడుగాటి ఫార్వర్డ్ పరిస్థితి వేరు. అతను ఎదురుచూసే మనిషి. మధ్యలోవాళ్లు గెలిచి, తలెత్తి చూసి, సరైన చోటుకి తంతేనే అతనికి పని. జట్టు బంతిని గోల్ దగ్గరికే తేలేని వారం అతని లెక్క సున్నా దగ్గర ఆగుతుంది. తెచ్చిన వారం నాలుగు గోల్స్ కొడతాడు. బయటి నుంచి చూసేవాళ్లకి ఇది మనిషి గుణంలా కనిపిస్తుంది. నిజానికి సగం అది సరఫరా సమస్య. పైగా పొడుగువాళ్లకి ఒళ్లు గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. ఇరవై ఏడేళ్ల డిఫెండర్‌తో భుజం భుజం ఆనించి గాల్లో బంతి కోసం పోటీ పడటం పద్దెనిమిదేళ్ల ఎముకలు చేసే పని కాదు. ఆటలో ఉన్న వాళ్లందరికీ ఇది తెలుసు. తెలిసి కూడా ఆ సెలవు రోజున, పెద్ద జనం ముందు, ఆ కుర్రాణ్ని దింపారు.

ఆ తర్వాత పడవ సంగతి. 2011 జులైలో మెల్బోర్న్ జీలాంగ్ చేతిలో 186 పాయింట్ల తేడాతో ఓడింది. చదివినవాళ్లు అచ్చు తప్పేమో అనుకుంటారు, కాదు. 233 పాయింట్లకి 47. ఆ వెంటనే కోచ్ డీన్ బెయిలీని తీసేశారు. మిగిలిన మ్యాచులకి టాడ్ వైనీ. 2012లో మార్క్ నీల్డ్. 2013 మధ్యలో ఆయన్నీ తీసేసి నీల్ క్రెయిగ్. 2014లో పాల్ రూస్. 2017లో సైమన్ గుడ్విన్. తాత్కాలిక కోచ్‌లని కూడా కలిపితే తొమ్మిది సీజన్లలో ఆరుగురు. ఒకరు వాట్స్‌ని గోల్ ముందు నిలబెడితే ఇంకొకరు వెనక్కి, డిఫెన్స్‌లోకి పంపారు. తర్వాత అంచున పరిగెత్తమన్నారు. ఏటేటా సబ్జెక్టు మార్చి, ఏటేటా మార్కులు మాత్రం పాత సబ్జెక్టుకే అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది ఇది.

ఇదంతా చెప్పి అతన్ని అమాయకుణ్ని చేసేస్తే అదీ అన్యాయమే. నేను టీవీలో, తర్వాత స్టేడియంలో చూసినంతలో, కొన్ని మ్యాచుల్లో అతను ఒళ్లు దాచుకున్నట్టే ఉండేది. బంతి నేలమీద దొర్లుతుంటే, రెండు వైపుల నుంచి ఇద్దరు దూసుకొస్తుంటే, ఆ అరక్షణం ఆగేవాడు. ఈ ఆటలో ఆ అరక్షణాన్ని జనం ఎప్పటికీ క్షమించరు. శిక్షణలో, సన్నద్ధతలో ఇంకా పెరగాలని క్లబ్ కూడా చివర్లో బాహాటంగానే అంది. అదే కారణంగా 2017 చివర్లో అతన్ని వదులుకుంది. ఆ విమర్శ అబద్ధమని నేననను. కాకపోతే అదే మెతకదనం ఇరవయ్యో నంబరుగా వచ్చిన కుర్రాడిలో ఉంటే దాన్ని "ఇంకా నేర్చుకుంటున్నాడు" అనేవాళ్లం. ఒకటో నంబరులో ఉంటే "మోసం" అన్నాం.

ఇది ఒక్క వాట్స్ కథే అయితే అతని తలరాత అనుకుని వదిలేయొచ్చు. కానీ అదే క్లబ్‌కి 2009 డ్రాఫ్ట్‌లో మొదటి రెండు నంబర్లూ దక్కాయి. టామ్ స్కలీ, జాక్ ట్రెంగోవ్. ఆ నంబర్ల కోసం క్లబ్ కావాలనే ఓడిందా అని తర్వాత పెద్ద విచారణ జరిగింది. కావాలని ఓడినట్టు తేలలేదు అంటూనే లీగ్ 2013లో క్లబ్‌కి 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆ కుర్రాళ్లేమయ్యారు? స్కలీ రెండు సీజన్లు ఆడి, పెద్ద ఒప్పందం మీద కొత్తగా పుట్టిన జి.డబ్ల్యు.ఎస్. క్లబ్‌కి వెళ్లిపోయాడు. ట్రెంగోవ్‌ని 2012లో, ఇరవై ఏళ్లకే, సహ కెప్టెన్‌ని చేశారు. లీగ్ చరిత్రలో అంత చిన్న వయసులో కెప్టెన్ అయినవాడు అంతకు ముందు లేడు. తర్వాత పాదంలో ఎముక దెబ్బతిని ఆటకి చాలాకాలం దూరమయ్యాడు. రెండేళ్లలో ముగ్గురు దేశంలోకెల్లా మెరుగైన కుర్రాళ్లు ఒకే ఇంట్లోకొచ్చి, ముగ్గురూ అనుకున్నంత కాకపోతే, తప్పు విత్తనాలదా, మడిదా?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పదో తరగతిలో నేను మా జిల్లాలో ముందు వరుస. నా ఫోటో ఒక కాలేజీ ఫ్లెక్సీ మీద, మా ఊరి బస్టాండు దగ్గర ఏడాది పాటు ఎండకి వెలిసింది. టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ఊపిరి తీసుకోకుండా అరిచే ప్రకటనలు వింటూ పెరిగిన మనందరికీ ఆ ఫ్లెక్సీ అంటే ఏమిటో తెలుసు. ఇంజనీరింగ్‌లో నాకు మూడు సబ్జెక్టులు మిగిలాయి. మామూలు కుర్రాడికి మూడు మిగిలితే ఎవరూ పట్టించుకోరు. నాకు మిగిలితే మా పెదనాన్న పెళ్లిళ్లలో కూడా "వీడికేమైందో" అని మొదలుపెట్టేవాడు. నాకేమీ కాలేదు. లెక్కలొచ్చు, మెషిన్ డ్రాయింగ్ రాదు, అంతే. 2009లో ఆ టీవీ ముందు నేను ఎందుకంత గట్టిగా నవ్వానో ఇప్పుడనిపిస్తోంది. దెబ్బ తింటున్న ఫస్ట్ ర్యాంకు వాడు నేను కాకుండా ఇంకొకడు కావడం బాగా హాయిగా ఉంది.

2016లో రూస్ చేతికింద వాట్స్ 38 గోల్స్ కొట్టాడు. గోల్ ముందు నిలకడగా ఆడనిచ్చిన ఏడాది అది. మరుసటి ఏడు, 2017 జూన్ 12, మళ్లీ అదే సెలవు, అదే కాలింగ్‌వుడ్, అదే ఎం.సి.జి. ఈసారి నేను పైన అంచె మీద, ఆఫీసులో నాతో పనిచేసే ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. నా వయసంత కాలంగా మెల్బోర్న్ అభిమాని ఆయన. చివరి నిమిషాల్లో బంతి వాట్స్ దగ్గరికొచ్చింది. మీదకొస్తున్న ఒకణ్ని ఒంటి ఊపుతో తప్పించాడు, పరిగెత్తాడు, తన్నాడు. గోల్. మెల్బోర్న్ 4 పాయింట్ల తేడాతో గెలిచింది. ఎనిమిదేళ్ల కింద ముగ్గురి కింద నలిగిన చోటే. పెద్దాయన చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "ఆ పిల్లాణ్ని మేం చాలా మాటలన్నాం," అన్నాడు.

ఆ సీజన్ మెల్బోర్న్ పాయింట్లలో సమానమైనా శాతంలో వెనకబడి ఫైనల్స్‌కి వెళ్లలేకపోయింది. నాలుగు నెలల తర్వాత వాట్స్‌ని పోర్ట్ అడిలైడ్‌కి ఇచ్చేసి, బదులుగా 31వ నంబరు ఎంపిక తీసుకున్నారు. ఒకటికి ముప్పై ఒకటి. మరుసటి ఏడాదే, 2018లో, 12 ఏళ్ల తర్వాత మెల్బోర్న్ ఫైనల్స్‌కి వెళ్లింది. ఇదే అతని మీద చివరి సాక్ష్యం అంటారు కొందరు. ఆ వాదన తేలిగ్గా కొట్టేయలేను. గుడ్విన్ కట్టిన గట్టి జట్టులో అతనికి చోటు లేకపోవచ్చు. కానీ ఆ జట్టు కట్టడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లు ఖాళీగా ఉన్న ఇంటికి కాపలా ఉన్నవాళ్లలో అతనొకడు. 2019లో కాలికి పెద్ద గాయమైంది, 2020లో ఆట మానేశాడు. 2021లో మెల్బోర్న్ 57 ఏళ్ల తర్వాత కప్పు గెలిచింది. ఊళ్లో లాక్‌డౌన్ కాబట్టి ఆ ఫైనల్ పెర్త్‌లో జరిగింది, పెద్దాయన, నేను ఎవరిళ్లలో వాళ్లం టీవీలో చూశాం.

మరి రెండో నంబరు నైటనుయి? మూడుసార్లు దేశపు ఉత్తమ జట్టులో చోటు, గొప్ప ఆటగాడే. కానీ రెండు మోకాళ్లూ ఒక్కోసారి తెగి, వెస్ట్ కోస్ట్ 2018లో కప్పు గెలిచినప్పుడు అతను మైదానంలో లేడు. ఒక్క కప్పు ఫైనల్లో గెలిచిన పతకం లేకుండానే రిటైరయ్యాడు. ఎవరూ అతన్ని మోసం అనలేదు, అనకూడదు కూడా. ఒకటో నంబరు వాడి దగ్గర అడిగే లెక్క రెండో నంబరు వాడి దగ్గర అడగరు.

వాట్స్ మెల్బోర్న్‌కి ఆడిన మ్యాచులు 153. నిలకడ లేనివాణ్ని 153 సార్లు ఎవరూ ఎంచుకోరు. గొప్పవాడు కాడు, పనికిరానివాడూ కాడు. కొన్ని వారాలు అందంగా, కొన్ని వారాలు మామూలుగా, కొన్ని వారాలు అధ్వాన్నంగా ఆడిన మంచి ఆటగాడు. అలాంటివాళ్లు ప్రతి క్లబ్‌లో డజను మంది ఉంటారు, వాళ్ల గురించి ఎవరూ వ్యాసాలు రాయరు. 2008 నవంబర్లో అతన్ని ఇరవయ్యో నంబరుగా పిలిచి ఉంటే నేనూ రాసేవాణ్ని కాదు.

పోయినసారి ఊరెళ్లినప్పుడు బస్టాండు దగ్గర ఆ ఫ్లెక్సీ చోట ఇంకో కుర్రాడి ఫోటో ఉంది. పేరు కింద ర్యాంకు, పేరుకన్నా పెద్ద అక్షరాల్లో. వాడికి ఏ సబ్జెక్టు రాదో ఎవరైనా అడిగారో లేదో.