అమ్మ భాష, బడి భాష

బెడోక్‌లో పుట్టి పెరిగిన యువతీయువకులారా! మీలో చాలామంది పాఠశాలలో ‘మాతృభాష’ పేరిట తమిళమో, హిందీయో చదివి ఉంటారు. ఇంట అమ్మ పలికినది తెలుగే అయినా బడి ఎంపికల పట్టికలో దానికి చోటు లేదు. ఈ ఎడానికి సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. అది తెలిస్తే, నేడు మన ఆలయానికి వస్తున్న కొత్త కుటుంబాల పిల్లల పట్ల మన కర్తవ్యమేమిటో స్పష్టమవుతుంది.

ఈ ప్రాంతపు తెలుగువారి తొలి బడులు తోటలలో వెలిశాయి. విశాఖపట్టణం, గోదావరి, గంజాం జిల్లాల నుండి మన పూర్వులెందరో మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు కూలీలుగా తరలివచ్చారు. తోటలో ఒకే జాతికి చెందిన 7 నుండి 14 ఏండ్ల పిల్లలు పదిమంది ఉంటే యజమాని బడి ఏర్పాటు చేయాలని 1923 నాటి లేబర్ కోడ్ నిర్దేశించింది. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో వంటి చోట్ల తెలుగు బడులు నడిచాయి. అయితే తోట బళ్ళలో ఉపాధ్యాయుడు తరచుగా ఏ గుమాస్తాయో, కంగాణీయో అయ్యేవాడు. అక్షరాలు వచ్చేవి, పై చదువులకు దారి మాత్రం ఉండేది కాదు. పిల్లవాడు మళ్ళీ తోటపనికే వెళ్ళేవాడు. అక్కడ భాష నిలిచింది, భవిష్యత్తు తెరుచుకోలేదు.

సింగపూరులో కథ తలక్రిందులైంది. 1966లో సెకండరీ పాఠశాలలలో రెండవ భాష తప్పనిసరి అయింది. ఆంగ్లంతో పాటు చైనీస్, మలయ్, తమిళాలలో ఒకటి నేర్వాలి. మన పిల్లలు ఎక్కువగా తమిళాన్ని చేపట్టి, అందులో రాణించి, తోటి భారతీయులతో కలిసిపోయారు. 1975లో సింగపూర్ తెలుగు సమాజం ఏర్పడి మన భాషాసంస్కృతులకు వేదిక అయింది. 1990 నుండి హిందీ, ఉర్దూ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ భాషలకూ పాఠశాలలలో అవకాశం లభించింది. ఆయా భాషల సమాజాలు వారాంతపు తరగతుల భారాన్ని భుజాన వేసుకున్నాయి. ఆ ఐదింటిలో తెలుగు లేదు. ఇక్కడ భవిష్యత్తు తెరుచుకుంది; భాష మాత్రం వంటింటికి పరిమితమైంది.

సమాజం తన పిల్లల చదువుకు తానే పూనుకోవడం ఇక్కడ కొత్త కాదు. భారతీయ విద్యార్థుల వెనుకబాటును తగ్గించడానికి 1991లో సిండా ఏర్పడింది. భారతీయుల జీతాల నుండి నెలనెలా చేరే చిన్న మొత్తాలు ఎందరో పిల్లల శిక్షణ తరగతులకు ఆధారమయ్యాయి.

ఇప్పుడు హైదరాబాదు నుండో, విజయవాడ నుండో నడుమ తరగతిలోకి వచ్చే బాలికను ఊహించండి. ప్రభుత్వ పాఠశాలలో చేరాలంటే సాధారణంగా ఆంగ్లం, గణితాలలో ప్రవేశపరీక్ష వ్రాయాలి; గట్టెక్కినా, ఖాళీ ఉంటేనే సీటు. లెక్కలు ఆమెకు వచ్చు. కానీ ఇక్కడ మాటల లెక్కను పట్టీల బొమ్మగా గీసి సాధించే మోడల్ పద్ధతి ఆమె చూడలేదు. తోటి పిల్లల సింగ్లీష్ చెవికి అందదు. విరామ సమయంలో క్యాంటీన్‌లో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియదు. ఆమె తల్లిదండ్రులకు పీఎస్‌ఎల్‌ఈ అంటే భయం తప్ప పరిచయం లేదు. ఇవన్నీ మీకు కరతలామలకం. ఏ ట్యూషన్ మాస్టారుకన్నా మీరే ఆమెకు దగ్గరివారు.

శనివారం అర్చన ముగిశాక ఒక గంట ఆ చిన్నారుల పక్కన కూర్చోండి. ఒక లెక్కకు పట్టీ గీసి చూపండి. బడి నుండి వచ్చిన సూచనాపత్రాన్ని ఆ తల్లికి విడమరచి చెప్పండి. ఆ గంటసేపూ తెలుగులోనే మాట్లాడండి. మాట తడబడితే ఆ చిన్నదే సరిదిద్దుతుంది. మీకు జారిపోయిన పలుకుబడి ఆమె నాలుక మీద ఇంకా తాజాగా ఉన్నది. ఆమెకు కావలసిన బడి నడవడి మీ దగ్గర ఉన్నది.

తోట బడి ఒకటి ఇచ్చి మరొకటి ఇవ్వలేకపోయింది. నగరపు బడీ అంతే. ఆ రెండింటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టే అవకాశం మన ఆలయ మండపంలో, మీ తరానికి దక్కింది. వచ్చే శనివారమే మొదలుపెట్టవచ్చు.