ఉయ్యాల ఊగే సంచి

మా అత్తగారికి విందు భోజనమంటే అరిటాకే. మా పెళ్ళినాటికి అమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో కూడా స్టీలు కంచాలొచ్చేశాయి. ఆవిడ మాత్రం, "ఎవరు తోమారో, ఎలా తోమారో! ఆకైతే తిని అవతల పారేస్తాం, పేచీ లేదు" అనేవారు. చాదస్తమని నవ్వుకునేదాన్ని. హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్న మా అక్క కూతురు మొన్న సెలవులకొచ్చినప్పుడు, ఆ చాదస్తంలోనూ శాస్త్రం ఉందని తేల్చింది.

దాని పని జీవకణాల్ని పెంచడం. ఒంట్లోంచి తీసిన జంతుకణజాలం బయట కూడా బతికి పెరుగుతుందని 1907లో అమెరికాలో రాస్ హారిసన్ చూపించాడు. ఆయన వాడింది కప్పపిండం లోనిది. 1962లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి వీరో కణాల్ని సాధించారు. ఎక్కడి కోతి, ఎక్కడి మనం అనుకోకండి. హైదరాబాదు దగ్గర భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్‌కి వైరస్‌ను పెంచింది ఆ కణాల మీదే! మన గేదెలకు వేసే గాలికుంటు టీకా కూడా అలాంటిదే, హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక కణాల చలవ.

అయితే ఈ కణాలు మహా సుకుమారం. ఒంటి వేడిలాగే 37 డిగ్రీలుండాలి, తిండి అందాలి, గాలి ఆడాలి. గట్టిగా గిలకొడితే చితికిపోతాయి. ఇవి రెట్టింపు కావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. బాక్టీరియాకి చోటు నచ్చితే 20 నిమిషాలు చాలు! ఒక్కటి దూరిందా, తెల్లారేసరికి ఇల్లు దానిదే. అందుకని స్టీలు తొట్టెల్ని ప్రతిసారీ క్షారంతో కడగాలి, ఆవిరి పట్టాలి, కడిగినట్టు రుజువు రాయాలి. కొత్త మందు చెంబెడు చేసి చూడాలన్నా ఇంత తతంగమూ తప్పదు. మా అమ్మాయి వాళ్ళ చోట ఓసారి రబ్బరు రింగు సందులో మురికి మిగిలిపోయిందిట. మూడు వారాల శ్రమ కాలవపాలు. ఆ రాత్రి అది అన్నం తినలేదు.

ఈ తోముడు బాధకి 1990ల చివర్లో అమెరికాలో విజయ్ సింగ్ అనే ఆయన ఒక ఉపాయం పన్నాడు. ప్లాస్టిక్ సంచి! ముందే గామా కిరణాలతో శుద్ధి చేసిన సంచిలో సగం దాకా పోషకద్రవం పోసి, పైన గాలి నింపి, ఊగే పళ్ళెం మీద పడుకోబెడతారు. అటూ ఇటూ ఊగుతుంటే లోపల అల లేచి గాలి కలుస్తుంది. తెడ్డు లేదు, బుడగలు లేవు, కణాలు నలగవు. పనయ్యాక సంచి పారేయడమే. "అచ్చంగా పసిపిల్లాడి ఉయ్యాలే పిన్నీ" అంది మా అమ్మాయి. 1999లో ఆయన ప్రకటించిన వ్యాసంలో 100 లీటర్ల దాకా పెంచి చూపించాడు. తరవాత 2,000 లీటర్ల సంచులూ వచ్చాయి. కానీ అవి ఊగవు, స్టీలు తొట్టెలో కుదురుగా కూచుంటాయి. పాపం, వాటికి మళ్ళీ తెడ్డు తప్పలేదు.

అరిటాకు మన పెరట్లో ఉంటుంది, సంచి ఉండదు. ఆ తేడా 2021లో తెలిసొచ్చింది. అమెరికా తన అవసరాలకే ముందు ఇమ్మని అక్కడి కంపెనీలను కట్టడి చేసింది. సంచులూ, వడపోత సామగ్రీ అందక ఇబ్బందిగా ఉందని, కోవిషీల్డ్ చేస్తున్న పూణె సీరం సంస్థ అధిపతి అదార్ పూనావాలా మార్చిలో చెప్పారు. ఏప్రిల్లో ఏకంగా అమెరికా అధ్యక్షుణ్ణే బహిరంగంగా అర్థించారు. ఇక్కడ మనం టీకా కోసం ఆస్పత్రుల ముందు బారులు తీరి నిలబడ్డ రోజులవి. ప్రాణాలన్నీ ఒక సంచి కోసం ఎదురు చూడ్డమంటే చూశారూ!

మా అత్తగారే ఉంటే, "ఆకైతే గేదె తింటుంది, మరి ఈ సంచినేం చేస్తారే?" అని తప్పకుండా అడిగేవారు. ఆవిడ బదులు నేనడిగాను.

"చాలాచోట్ల ఆవిరిలో ఉడికించి కాల్చేస్తారు పిన్నీ" అని, మా అమ్మాయి తిన్న ఆకు మడిచి పెరట్లోకి నడిచింది.